షెడ్డుకీ ఆఫీసుకీ మధ్య నాలుగు తీగలు

ప్రేమించిన పిల్లను పోగొట్టుకోవడానికి ఒక్కొక్కరికి ఒక్కో కారణం దొరుకుతుంది. కొందరికి కులం అడ్డొస్తుంది, కొందరికి ఉద్యోగం, ఇంకొందరికి అమ్మాయి వాళ్ళ నాన్న మీసం. నాకు ఇవేవీ అడ్డు రాలేదు. ఎవరి సాయమూ లేకుండా, నాలుగు తీగలు, రెండు మోడెమ్‌లు, ఒక స్క్రూడ్రైవరు పెట్టుకుని, మూడు రోజులు చెమటోడ్చి, సొంత చేతులతో ఆ పని పూర్తి చేశాను. పూర్తయిన సంతోషంలో అందరికీ మైసూర్‌పాక్ కూడా పంచాను. చదివి మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పెళ్ళయినప్పటి నుంచీ మా ఆవిడ నవ్వుతూనే ఉంది, మీరొక లెక్కా!

అప్పుడు నేను గూడూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, వాకాడు అవతల సముద్రం వైపు ఉన్న ఒక రొయ్యల ఫారంలో చేరాను. నా ఉద్యోగం పేరు టెక్నికల్ ఆఫీసరు. చేసే పని ఫ్యాన్లకు కెపాసిటర్లు మార్చడం, ఓనరు జీవరత్నం గారి రేడియోలో దేవుని వాక్యం వినపడేట్టు చూడటం. అయినా ఆ పేరు విని మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పుకుంది. నేను కూడా చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని, డాక్టరు మెడలో స్టెతస్కోపు వేసుకున్నంత ధీమాగా తిరిగేవాణ్ణి.

ఫారం ఆఫీసు రోడ్డు పక్కన ఉండేది. రొయ్యల గుంటలేమో అక్కడికి మైలు దూరంలో, ఉప్పు కాలువ వెంబడి. ఆ గుంటల మధ్య ఒక రేకుల షెడ్డు. అందులో నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచే మీటరు, ఆ మీటరు చూసే సుగుణ. ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ తర్వాత ఓనరు కూడా నోరు తెరుస్తాడు. అందుకని గంటకోసారి సుగుణ రీడింగు చూసి ఆఫీసుకు చెప్పాలి, నేను రిజిస్టరులో రాసుకోవాలి, ఏ గుంటలో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటరు తిప్పాలో ఓనర్ని అడిగి చెప్పాలి. ఇదంతా జరగడానికి ఆఫీసు నుంచి షెడ్డుకు గట్టు వెంబడి నాలుగు తీగల కేబులు ఒకటి, రెండు కొసలా పాతకాలపు ఇంటర్‌కమ్ ఫోన్లు రెండు. సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ, షెడ్డు దగ్గర సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కి ఒక చెయ్యి సముద్రం వైపు చాచాల్సి వచ్చేది.

సుగుణది దొరవారిసత్రం పక్కన పల్లె. డిగ్రీ అయిపోయి, మద్రాసులో ఉన్న వాళ్ళక్క రమ్మంటున్నా పోకుండా, మా ఫారంలో చేరింది. ఆమె అవతలి రోడ్డు మీద ఆటో దిగి నేరుగా షెడ్డుకు పోయేది. నేను ఇవతలి రోడ్డు మీద బస్సు దిగి ఆఫీసుకు వచ్చేవాణ్ణి. ఏడాదిలో మేము ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నది మహా అయితే నాలుగైదు సార్లు. ఫోన్లో మాత్రం రోజుకు పన్నెండు సార్లు.

"ఆఫీసేనా?"

"ఆఫీసే. చెప్పు షెడ్డూ."

"ఒకటో గుంట అయిదు పాయింటు రెండు. రెండో గుంట అయిదు. మూడో గుంట నాలుగు పాయింటు ఎనిమిది. నాలుగో గుంట నాలుగున్నర. రాసుకున్నావా?"

"రాసుకున్నా."

"నాలుగో గుంట గట్టు మింద కొంగొకటి నిలబడుంది. పొద్దున్నుంచి ఉండాది. కదల్లేదు, మెదల్లేదు, చేపనీ పట్టలేదు. నిన్ను చూసినట్టే ఉంది."

మొదటి నెలంతా నన్ను 'మీరు', 'సార్' అంది. ఎప్పుడు నువ్వు అయ్యానో, ఎప్పుడు నా పేరు ప్రభుదాసు కాస్తా 'ఆఫీసు' అయిందో గుర్తులేదు. రీడింగు చెప్పడానికి అర నిమిషం పట్టేది. ఆ తర్వాత కొంగ గురించో, మేత బస్తా మీద పడుకున్న పిల్లి గురించో, వాళ్ళమ్మ పెట్టిన చేపల పులుసు గురించో ఒక్క ముక్క చెప్పేది. ఆమె గొంతు వెనకాల ఏరేటర్లు నీళ్ళు కొట్టే చప్పుడు. ఆ చప్పుడు ఇప్పటికీ ఎక్కడ విన్నా నా చెయ్యి పెన్ను కోసం తడుముకుంటుంది.

నేను ఆమెను ఒక్క మాట అడగాలి. 'మా అమ్మను మీ ఇంటికి పంపించమంటావా?' అంతే. ఆరు నెలలు ఆ వాక్యాన్ని అద్దం ముందు సాధన చేశాను. గంట గంటకూ రీడింగు రాసుకుని, పెన్ను కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, ఇప్పుడు అడుగుతాను అనుకునేవాణ్ణి. అవతల ఆమె కూడా పెట్టేసేది కాదు. అర నిమిషం ఇద్దరం ఏరేటర్లు వినేవాళ్ళం. అప్పుడు నేను గొంతు సవరించుకుని, ఎంతో ధైర్యంగా, "నీళ్ళ ఉష్ణోగ్రత ఎంత?" అని అడిగేవాణ్ణి.

ఒకరోజు ఆమే అంది, "మా అక్క మళ్ళీ ఉత్తరం రాసింది. వాళ్ళ కంపెనీలో ఖాళీ ఉందంట."

"పోతావా?"

"ఈ పనుండంగా ఎందుకు పోతా? ఇది లేదంటే పోవాల్సిందే. ఇంట్లో ఊరికే కూర్చోనిస్తారా?"

ఈ మాట మీరు గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకోలేదు, అందుకే ఈ కథ.

ఆ వారంలోనే జీవరత్నం గారు మద్రాసు వెళ్ళి రెండు బూడిద రంగు డబ్బాలు తెచ్చాడు. మోడెమ్‌లు. ఆయనకు ఎవరో చెప్పారట, మీటరు వెనక తొమ్మిది పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుందనీ, అందులో నుంచి అంకెలు వాటంతటవే వస్తాయనీ, వాటిని ఆఫీసు కంప్యూటరులో చూసుకోవచ్చనీ. అంకెలు మోసే మామూలు సీరియల్ వైరు యాభై అడుగులు దాటితే నీరసించిపోతుంది. మైలు దూరం పోవాలంటే ఆ కొసన ఒక మోడెమ్, ఈ కొసన ఒక మోడెమ్, మధ్యలో నాలుగు తీగలు కావాలి.

"ఏమయ్యా ప్రభుదాసూ, ఎన్నాళ్ళు పడతాది?"

"ఒక్క పూట చాలు సార్."

పుస్తకం తెరిచి చూశాను. చాలా తేలిక. మీరు కూడా ఒక్క నిమిషం వినండి, ఇదొక్కటే పాఠం, పరీక్ష పెట్టను. ప్రతి మోడెమ్‌కూ ఒక నోరు, ఒక చెవి. నోటికి రెండు తీగలు, చెవికి రెండు తీగలు. ఈ కొసన నోరు ఆ కొసన చెవికి కలవాలి. అంటే దారిలో ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు, జతలను అటుదిటు మార్చాలి. ఎవరూ మార్చకపోతే నోటికి నోరు, చెవికి చెవి కలుస్తాయి, ఎవరికీ ఏమీ వినపడదు. ఇద్దరూ మార్చినా అంతే, మళ్ళీ మొదటికొస్తుంది. మార్చాల్సింది ఒక్కరే.

ఇంత తెలిసిన మేధావికి తట్టని సంగతి ఒకటుంది. కేబులులో ఉన్నవే నాలుగు తీగలు. మోడెమ్‌కు నాలుగూ కావాలి. మరి ఫోను? అది తట్టలేదు. పైగా నేను ఏమనుకున్నానంటే, అంకెలు వాటంతటవే వచ్చేస్తే సుగుణకు పని తగ్గుతుంది, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, అప్పుడు నింపాదిగా అడగొచ్చు అని. ఏ తీగ మీద మాట్లాడుకుంటావురా నాయనా అని అడిగేవాడు ఒక్కడు లేకపోయాడు.

జీవరత్నం గారు ప్రార్థన చేయించకుండా కొత్త బకెట్టు కూడా వాడడు. పాస్టరు గారు వచ్చారు. కంప్యూటరు బల్ల మీద మోడెమ్‌ను శుభ్రమైన తువ్వాలు మీద పెట్టాం. అందరం తలలు వంచాం. "ప్రభువా, ఈ రెండు పెట్టెలను నీ చేతుల్లో పెడుతున్నాం. వీటి మధ్య ఏ అడ్డు ఉన్నా, ఎవరు అడ్డున్నా, నీవే తొలగించు తండ్రీ" అని చక్కగా చేశారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

తర్వాత ఫోను తీసి షెడ్డును పిలిచాను. రెండో మోడెమ్ అప్పటికే సైకిలు మీద అక్కడికి చేరింది.

"షెడ్డూ, జాగ్రత్తగా విను. ఎరుపు, నలుపు ఒక జత. పచ్చ, తెలుపు ఒక జత. మొదటి రెండు మరల్లో ఎరుపు, నలుపు పెట్టు. తర్వాతి రెండింట్లో పచ్చ, తెలుపు. మార్చేది నేనిక్కడ మారుస్తా. నువ్వేదీ మార్చొద్దు."

"మారిస్తే ఏమైతాది?"

"మారిస్తే పని చెయ్యదు."

"అసలు పనే చెయ్యదా?"

"అస్సలు చెయ్యదు."

కాసేపు ఏరేటర్ల చప్పుడు.

"ఈ ఫోను తీసేసినాక గంట గంటకీ రీడింగు నేనెవురికి చెప్పాల?"

చదువరులారా, ఒక ఆడపిల్ల ఇంతకంటే స్పష్టంగా ఏం అడుగుతుంది? నేను ఛాతీ పొంగించుకుని ఏమన్నానో తెలుసా?

"నువ్వింక చెప్పక్కర్లేదు షెడ్డూ. మీటరే చెబుతాది!"

"సరే ఆఫీసూ," అంది ఆమె. నేను ఫోను తీగలు ఊడబీకాను.

అన్నీ కలిపి, నా కొసన జతలు మార్చి, కంప్యూటరు ముందు కూర్చున్నాను. తెర నల్లగా ఉంది. పావుగంట చూశాను. అంకె లేదు. మోడెమ్ మీద వెలగాల్సిన పచ్చ లైటు వెలగలేదు. షెడ్డుకు ఫోను చేసి అడుగుదామని చెయ్యి చాపాను, ఫోను తీగలు మోడెమ్‌లో ఉన్నాయి. అప్పుడు తెలిసింది నాకు, ఏం పీకానో. సైకిలు తీశాను.

గట్టు మీద మైలు దూరం సైకిలు తొక్కడం అంటే, ఎదురు గాలికి రెండు మైళ్ళ లెక్క. షెడ్డు చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. సుగుణ గుమ్మంలో నిలబడి ఉంది. పక్కనే మోటార్లు చూసే పోలయ్య వల అల్లుకుంటున్నాడు. పోలయ్య కాలువ అవతల జాలరి పల్లె మనిషి. రొయ్యను చూస్తే దాని మనసు చెప్పగలడు, మనిషిని చూస్తే ఇక సరేసరి.

"సరిగ్గా పెట్టినావా?" అన్నాను.

"పెట్టినా."

డబ్బా తెరిచి చూడొచ్చు. నాలుగు స్క్రూలు. కానీ ఆమె 'పెట్టినా' అన్నాక నేను తెరిచి చూస్తే అనుమానించినట్టు కాదా? నొచ్చుకోదా? మర్యాద తెలిసినవాణ్ణి కదా నేను. తెరవలేదు.

"అయితే తప్పు నా పక్కే అయ్యుంటాది. పోయి నా జతలు మార్చేస్తా," అన్నాను.

"టీ తాగి పో. ఇంత దూరం తొక్కుకుంటా వచ్చినావు."

టీ తాగాను. ఆమె రీడింగులు ఒక చీటీ మీద రాసి ఇచ్చింది, ఫోను లేదు కదా. ఆఫీసుకు వెళ్ళి నా కొసన జతలు మార్చాను. తెర నల్లగానే ఉంది. జేబులో చీటీ తీసి చూశాను. 'ఒకటి 5.1. రెండు 5. మూడు 4.7. నాలుగు 4.4. కొంగ ఇంకా ఆడే ఉంది.'

మళ్ళీ సైకిలు.

"మార్చినా. అయినా రాలేదు."

"అయ్యో. ఇప్పుడెట్టా?"

"మొదట పెట్టిందే సరైంది అయ్యుంటాది. కేబులు ఎక్కడన్నా లూజుందేమో. పోతా పోతా అన్ని కట్లూ చూసుకుంటా పోయి, మళ్ళీ మొదట్లో మాదిరి పెట్టేస్తా."

"సరే. ముందు మజ్జిగ తాగు."

మూడు రోజులు, స్వామీ! రోజుకు నాలుగు సార్లు. నేను పోవడం, రాలేదనడం, ఆమె అయ్యో అనడం, నేను ఇప్పుడు ఇట్లా మారుస్తానని ముందే చెప్పి రావడం, మార్చడం, తెర నల్లగా ఉండటం. సన్నటి గట్టు మీద ఎదురుపడ్డ ఇద్దరు ఒకరికొకరు దారి ఇవ్వబోయి ఇద్దరూ ఒకే పక్కకు జరిగినట్టు ఉంది మా వ్యవహారం. కాకపోతే జరుగుతున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను.

రెండో రోజు జీవరత్నం గారికి ఓపిక పోయింది. ఆ రోజు శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచింది. పని ఆపి అందరం బయటికి వచ్చి తలలెత్తి చూశాం. పొగ చార మేఘాల్లో కలిసిపోయాక ఆయన నా వైపు తిరిగాడు.

"ఏమయ్యా, వాళ్ళు ఆకాశంలోకి పోయినదాంతో కూడా మాట్లాడతా ఉండారు. నువ్వు మైలు దూరంలో ఉన్న రొయ్యతో మాట్లాడించలేకపోతివే!"

"కేబులు పాతది సార్."

"కేబులు పాతదే. పాస్టరు గారు కూడా పాతాయనే, ఆయన ప్రార్థన ఇంతవరకూ పనిచెయ్యకుండా పోలేదు. నీ వైరింగులోనే ఏదో పాపం ఉంది. రేపు సాయంత్రానికి రాకపోతే డబ్బాలు తిరిగిచ్చేసి ఆ ఫోనే మళ్ళీ తగిలించు."

ఏమన్నాడో విన్నారుగా? ఫోనే మళ్ళీ తగిలించు! మనిషన్నవాడు ఆ మాట వినగానే ఆయన కాళ్ళకు దండం పెట్టి, ఇంటికి పోయి దుప్పటి కప్పుకుని పడుకోవాలి. నాకేమో పౌరుషం వచ్చింది. టెక్నికల్ ఆఫీసరును పట్టుకుని ఇంత మాటా? రేపు సాయంత్రం దాకా ఎందుకు, మధ్యాహ్నానికే చూపిస్తాను అనుకున్నాను.

ఇప్పుడు చెబుతున్నాను, ఆ మూడు రోజులంత సంతోషం నా బతుకులో మళ్ళీ రాలేదు. రోజుకు నాలుగు సార్లు ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడుతుందని ఏడాది తర్వాత అప్పుడే తెలిసింది. ఫోనులో సొట్ట వినపడదు కదా. ఆమె ఇచ్చిన మజ్జిగలో కరివేపాకు తేలుతుండేది. సైకిలు స్టాండు వేసేలోపే స్టీలు గ్లాసు గుమ్మంలో తయారుగా ఉండేది. ఒకసారి అడగడానికి నోరు తెరిచాను కూడా. పోలయ్య వల పక్కన పడేసి, ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి పోయాడు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నా వైపే చూస్తోంది. నేను అన్నాను, "మీటరు అంకెలు పంపే స్పీడు తొమ్మిది వేల ఆరువందల మీదే పెట్టినావు కదా?"

"తొమ్మిది వేల ఆరువందలే," అంది ఆమె. బయట పోలయ్య దగ్గాడు.

మూడో రోజు మధ్యాహ్నం నేను పోయేసరికి సుగుణ షెడ్డులో లేదు. నాలుగో గుంటలో మీటరు తీగ ముంచడానికి పోయింది. నేనొక్కణ్ణే ఉన్నాను, డబ్బా ఒక్కటే ఉంది. నొచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. నాలుగు స్క్రూలు విప్పాను.

మొదటి రెండు మరల్లో పచ్చ, తెలుపు. తర్వాతి రెండింట్లో ఎరుపు, నలుపు. జతలు తారుమారు!

ఆ క్షణంలో నా ఆనందం చెప్పలేను. నేను తప్పు చెయ్యలేదు! పుస్తకం తప్పు చెప్పలేదు! తప్పు ఇక్కడుంది! గబగబా తీగలు విప్పి జతలు సరిచేసి బిగించాను. టప్పున పచ్చ లైటు వెలిగింది. మిణుకు మిణుకుమంటూ, అవతల నా ఆఫీసుతో మాట్లాడుతోంది. మళ్ళీ ఎవరూ కదిలించకుండా ఇన్సులేషన్ టేపు తీసి, మరల మీదుగా ఏడెనిమిది చుట్లు చుట్టాను. చుట్టి తల ఎత్తేసరికి సుగుణ గుమ్మంలో ఉంది, తడి కాళ్ళతో.

"ఏం చేసినావు?"

"వచ్చేసింది! చూడు, లైటు చూడు! నువ్వు పొరపాటున జతలు తిప్పి పెట్టినావు సుగుణా. నేను మార్చిన ప్రతిసారీ నువ్వు తిప్పింది దానికి అడ్డం పడతా ఉండాది."

ఆ మాట కూడా తప్పే. ఆమె కొసన తీగలు మొదటి నుంచీ ఒకేలా ఉంటే, పది మార్పుల్లో అయిదు సార్లు పని చేసి ఉండాలి. ఈ చిన్న లెక్క నాకు ఆ రోజు తోచలేదు.

ఆమె డబ్బా మీది టేపు వైపు చూసింది. నేను మాత్రం అక్కడితో ఆగితే కదా! పెద్ద మనసు చేసుకుని ఆమెను క్షమించాను.

"ఏం ఫర్వాలేదు, నువ్వేం బాధపడొద్దు. కొత్తల్లో అందరికీ జరిగేదే. ఇట్టా చూడు, ఇది నోరు, ఇది చెవి. ఇక్కడ నోరు అక్కడి చెవికి కలవాల. అప్పుడే మాట చేరతాది. అర్థమైందా?"

"బాగా అర్థమైంది," అంది సుగుణ.

పోలయ్య మోటారు దగ్గర నుంచి లేచి వచ్చి, టేపు చుట్టిన డబ్బాను చూశాడు, ఆమెను చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు చదువుకున్నోడివి అబ్బయ్యా. నీకు చెప్పేదానికి మేమెంత," అన్నాడు.

నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. గట్టు పొడుగునా "వచ్చేసింది! వచ్చేసింది!" అని అరుచుకుంటూ సైకిలు తొక్కాను. ఆ రోజు మజ్జిగ తాగడం కూడా మరిచిపోయాను. తెర మీద అంకెలు వరసగా పడుతున్నాయి. జీవరత్నం గారు నా భుజం తట్టాడు. వాకాడుకు మనిషిని పంపి మైసూర్‌పాక్ తెప్పించాను. పాస్టరు గారు అడ్డు తొలగించమని చేసిన ప్రార్థన, మూడు రోజులు ఆలస్యంగానైనా, నా చేతుల మీదుగా నెరవేరింది.

మరుసటి రోజు పొద్దున కుర్చీలో కూర్చున్నాను. గంట కాగానే తెర మీద పడింది. ఒకటి, 5.2. రెండు, 5.0. మూడు, 4.8. నాలుగు, 4.5. అంతే. నేను ఎదురు చూస్తూనే ఉన్నాను. కొంగ సంగతి రాలేదు. పిల్లి సంగతి రాలేదు. అలవాటుగా పక్కనున్న ఫోను ఎత్తి చెవికి పెట్టుకున్నాను. ఏరేటర్ల చప్పుడు లేదు. చచ్చిన ఫోను ఎలా ఉంటుందో మీకు తెలుసు, నేను చెప్పేదేముంది. సాయంత్రం దాకా పన్నెండు సార్లు అంకెలు వచ్చాయి, పన్నెండు సార్లూ ఫోను ఎత్తాను.

మీటరే చెబుతుంటే మనిషెందుకని జీవరత్నం గారికి వారంలో అర్థమైంది. ఆ నెలాఖరుకు సుగుణ మద్రాసు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆఫీసు వైపు రాలేదు, ఆమె ఆటో అవతలి రోడ్డు మీదే కదా. నాకు కబురు పోలయ్య తెచ్చాడు, రెండు రోజుల తర్వాత. సైకిలు వేసుకుని షెడ్డుకు పోయాను. గుమ్మంలో ఎవరూ లేరు. లోపల డబ్బా మీద పచ్చ లైటు మిణుకుమంటోంది. దాన్ని ఒక్క తన్ను తందామనుకున్నాను. నేను చేసిన పనిలో అంత గట్టి పని మరొకటి లేదు, తన్నలేకపోయాను. గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. కొంగ ఉంది, అదేం పట్టించుకోలేదు.

తర్వాత నాకు పెళ్ళయింది. గూడూరులో రిపేరు షాపు పెట్టుకున్నాను. మా ఆవిడ మంచిది, నేను అడగకుండానే అన్నీ చెప్పే మనిషి, కాబట్టి నాకు సరిపోయింది.

పోయిన ఏడాది జీవరత్నం గారింట్లో కృతజ్ఞతా కూటం జరిగింది. ఫారంలో ఇప్పుడు తీగలే లేవు, అన్నీ గాల్లోనే పోతాయి, ఫోనులో చూసుకుంటారు. ఆ కొత్త ఏర్పాటుకు ప్రార్థన, తర్వాత బిర్యానీ. పాత మనుషులందర్నీ పిలిచాడు. నేను ప్లేటు పట్టుకుని పెరుగు చట్నీ కోసం చూస్తుంటే వెనక నుంచి వినపడింది.

"ఆఫీసూ, బాగుండావా?"

వెనక్కి తిరిగాను. ఇరవై ఏళ్ళుగా నన్నెవరూ అలా పిలవలేదు.

"బాగుండా షెడ్డూ," అన్నాను.

జుట్టు కాస్త నెరిసింది. సొట్ట అలాగే ఉంది. మద్రాసులోనే పెళ్ళి, ఇద్దరు పిల్లలు, భర్త అటు కుర్చీలో పాస్టరు గారితో మాట్లాడుతున్నాడు. కాసేపు కొంగ గురించి, పోలయ్య గురించి మాట్లాడుకున్నాం. ఇక నా నోరు ఊరుకోదు కదా.

"అప్పుడు నువ్వు పొరపాటున జతలు తిప్పేసి నన్ను మూడు రోజులు సైకిలు తొక్కించినావు," అన్నాను నవ్వుతూ.

ఆమె నా వైపు వింతగా చూసింది.

"పొరపాటా? ఇన్నేళ్ళూ అట్టనే అనుకుంటా ఉండావా?"

"మరి?"

"ఇట్టా మారుస్తా అని ప్రతిసారీ చెప్పి పోయేవాడివి కదా. నువ్వు మలుపు తిరిగేదాకా చూసి, నేనూ మార్చేదాన్ని. మూడు రోజుల్లో పది సార్లు. ఒక్కసారి కూడా పొరపాటు చెయ్యలా. పోలయ్యే స్క్రూడ్రైవరు అందించేవాడు."

"ఎందుకు?"

అడిగాను, నిజంగానే అడిగాను. నెత్తిన జుట్టు రాలిపోయాక కూడా అడిగాను.

"తీగ కలవకపోతే నువ్వొస్తావు కదా. ఎన్నిసార్లు చేసినా కలవకపోతే ఓనరు విసుక్కుని ఫోను మళ్ళా పెట్టిస్తాడు కదా. ఫోనుంటే ఎప్పుడో ఒకప్పుడు నువ్వు అడగాల్సింది అడుగుతావు కదా."

"నేను అడగాలనుకున్నట్టు నీకెట్టా తెలుసు? నేనెప్పుడూ అనలా."

"గంట గంటకీ రీడింగు రాసుకున్నాక ఊపిరి బిగబట్టుకుని ఉండేవాడివి. ఆ లైన్లో అది కూడా వినపడేది ఆఫీసూ."

నా ప్లేటులో బిర్యానీ చల్లారిపోయింది. మళ్ళీ అడిగాను, "టేపు విప్పి ఇంకోసారి మార్చుండొచ్చు కదా?"

"మార్చొచ్చు. ఆ పచ్చ లైటు వెలిగినప్పుడు నీ మొహం చూసినా. నీకు కావాల్సింది అదేలే అనుకున్నా." కొంగు వేలికి చుట్టుకుని, వెంటనే వదిలేసి, నవ్వింది. "పో, పెరుగు చట్నీ అయిపోతాది."

ఇంటికొచ్చి మా ఆవిడకు ఈ సంగతి కూడా చెప్పాను. దాచుకుంటే ఇంకా బరువు. ఆమె అంతా విని, పాత పెట్టెలో నేను దాచుకున్న చీటీ అడిగి తీసుకుని చదివింది. 'కొంగ ఇంకా ఆడే ఉంది.' చదివి, మడిచి నా చేతిలోనే పెట్టింది. "ఆ టేపు గట్టిగా చుట్టినావు కాబట్టి నాకు దక్కినావు," అని లోపలికి పోయింది. ఆ రాత్రి మాత్రం నవ్వలేదు.

కాబట్టి, గూడూరు రైల్వే గేటు దగ్గర నా షాపులో, నా టెస్టరు మీదా, స్క్రూడ్రైవరు మీదా, మిగిలిన ఇన్సులేషన్ టేపు చుట్ట మీదా చెయ్యి వేసి, సర్వజన సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. అవతలి కొసన మనిషి ఉన్న ఏ తీగనూ, ఆ మనిషికి అది బాగుపడటం ఇష్టమో కాదో కనుక్కోకుండా, ఈ జన్మలో ఇక బాగు చేయను.

మొన్న ఒకాయన కాలింగ్ బెల్లు పనిచెయ్యడం లేదని తెచ్చాడు. విప్పి చూస్తే లోపల ఒక తీగ ఊడిపోయి ఉంది. తెగలేదు, ఎవరో నీటుగా ఊడదీశారు.

"ఇంట్లో ఎవరెవరుంటారండీ?" అని అడిగాను.

"నేనూ, మా ఆవిడా. ఎందుకు?"

"ఇది మోగడం ఆవిడకు ఇష్టమేనా? ఒకసారి కనుక్కుని రండి. నేనెక్కడికీ పోను."

ఆయన బెల్లు లాక్కుని పక్క షాపుకు పోయాడు. పోతే పోనీ. నేను అడగాల్సింది అడిగాను.